వ్యుర్ట్స్‌బుర్గ్‌లో ఒక్క రోజు: ఊళ్లోనే ఉండాలా, రోటెన్‌బుర్గ్ వెళ్లి రావాలా?

గోదావరిగట్టు (ఏప్రిల్ 6)

సభ్యులందరికీ నమస్కారం. మే రెండవ వారంలో నేనూ నా భార్యా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓడ ఎక్కి, మైన్ నది, అక్కడి నుంచి మైన్-డాన్యూబ్ కాలువ, చివరకు డాన్యూబ్ నది మీదుగా పాసౌ వరకు ప్రయాణం చేయబోతున్నాము. దారిలో మిల్టెన్‌బెర్గ్, వ్యుర్ట్స్‌బుర్గ్, బాంబెర్గ్, న్యూరెంబర్గ్, రేగెన్స్‌బుర్గ్ రేవుల్లో ఓడ ఆగుతుంది. నాకు 68 ఏళ్లు, ఆమెకు 63. ఆమెకు కుడి మోకాలు నొప్పి ఉంది. నడవగలదు గానీ మెట్లు ఎక్కువైతే ఇబ్బంది పడుతుంది.

మా సందేహం ఒక్క రోజు గురించి. వ్యుర్ట్స్‌బుర్గ్‌లో ఓడ ఉదయం ఎనిమిదికి చేరి రాత్రి పదకొండుకు కదులుతుంది. ఆ రోజు ఊళ్లోనే ఉండి అక్కడి పెద్ద రాజభవనాన్ని చూడవచ్చు, లేదా ఓడ వారి బస్సులో రోటెన్‌బుర్గ్ అనే కోట ఊరికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఫొటోల్లో చూసినప్పటి నుంచి నా భార్య మనసు రోటెన్‌బుర్గ్ మీదే ఉంది. నాకు మాత్రం రానూ పోనూ బస్సులో కూర్చోవడానికి ఇంత దూరం రావాలా అనిపిస్తోంది. వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పండి.

మైన్‌తీరవాసి (ఏప్రిల్ 6)

గోదావరిగట్టు గారూ, నేను పద్నాలుగేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాను. ఇంటికి వచ్చిన బంధువులను ఈ రెండు ఊళ్లకూ చాలాసార్లు తీసుకువెళ్లాను కనుక తెలిసినంత చెబుతాను.

వ్యుర్ట్స్‌బుర్గ్ నుంచి రోటెన్‌బుర్గ్‌కు రోడ్డు మీద అరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. బస్సులో ఒక్కో వైపు గంటకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. ఓడ వారి బస్సు తొమ్మిదికి బయలుదేరిందంటే, మధ్యలో ఆగడాలూ గైడ్ నడిపించే భాగమూ భోజనమూ పోను, మీకు మీరుగా తిరగడానికి మిగిలేది రెండు గంటలే. వ్యుర్ట్స్‌బుర్గ్‌లో అయితే ఓడ దిగిన చోటి నుంచి పాత వంతెన వరకు నడిచిపోవచ్చు.

ఈ రెండు ఊళ్లూ ఎందుకు ఇంత వేరుగా కనిపిస్తాయో ముందే తెలుసుకుంటే ఎంపిక సులువవుతుంది. వ్యుర్ట్స్‌బుర్గ్ పెద్ద ఓడలు తిరిగే నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి బిషప్పు మతగురువే కాక ఆ ప్రాంతానికి పాలకుడు కూడా కావడంతో ధనమంతా అక్కడ చేరింది. 1720లో మొదలుపెట్టి బాల్తజార్ నోయ్‌మన్ అనే వాస్తుశిల్పి కట్టిన రెసిడెంజ్, అంటే మీరన్న రాజభవనం, ఆ ధనానికి గుర్తు. రోటెన్‌బుర్గ్ ఉన్నది టౌబెర్ అనే చిన్న నది పైన గుట్ట మీద. ఒకప్పుడు చక్రవర్తికి తప్ప ఎవరికీ లోబడని స్వతంత్ర నగరం అది. ముప్పై ఏళ్ల యుద్ధం (1618-1648) తర్వాత మాత్రం చితికిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేకపోవడం వల్లనే ప్రాకారం, బురుజులు, ఏటవాలు కప్పుల ఇళ్లు అలాగే మిగిలాయి. పేదరికం కాపాడిన ఊరది.

కొండవీటిబాటసారి (ఏప్రిల్ 7)

నేను రెండేళ్ల క్రితం ఇదే దారిలో ఓడ ప్రయాణం చేసి, ఇదే బస్సు యాత్రకు డబ్బు కట్టాను. నా అనుభవం నిరాశే కలిగించింది కాబట్టి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మేము చేరేసరికి ఊరి గోడ బయట అప్పటికే పదుల బస్సులు నిలబడి ఉన్నాయి. ప్ల్యోన్‌లైన్ అనే చిన్న కూడలిలో రెండు దారులు చీలి, వాటి మధ్య పసుపు రంగు సన్నని ఇల్లు ఉంటుంది. ప్రతి క్యాలెండర్ మీదా కనిపించే దృశ్యం అదే. అక్కడ ఫొటో తీసుకోవడానికే వరుసలో నిలబడవలసి వచ్చింది. ప్రధాన వీధిలో ఒక దుకాణం విడిచి మరొకటి క్రిస్మస్ బొమ్మలవే. మాకిచ్చిన సమయంలో మూడో వంతు వరుసల్లోనే పోయింది. పైగా తిరిగి వచ్చేటప్పుడు దారిలో రద్దీ వల్ల వ్యుర్ట్స్‌బుర్గ్‌కు ఆలస్యంగా చేరాము. రెసిడెంజ్ మూసివేశారు. ప్రపంచ వారసత్వ జాబితాలో 1981లోనే చేరిన భవనానికి కిలోమీటరు దూరంలో పొద్దున్నుంచి ఓడ నిలబడి ఉండగా నేను దాన్ని చూడకుండా వచ్చేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకొక మాట. మనం రోటెన్‌బుర్గ్‌ను మధ్యయుగపు ఊరు అనుకుని మురిసిపోతాము. కానీ 1945లో బాంబులు పడి చాలా భాగం కూలిన ఊరది. ఈనాడు చూస్తున్న తూర్పు భాగం యుద్ధం తర్వాత కట్టింది. అసలును వదిలి నకలు కోసం రెండు గంటల బస్సు ప్రయాణం ఎందుకు?

శిల్పప్రియ (ఏప్రిల్ 7)

కొండవీటిబాటసారి గారి బాధ నాకు అర్థమైంది. అయితే ఎక్కడికి వెళ్లాలనే ప్రశ్న కన్నా, వెళ్లిన చోట ఏం చూడాలనే ప్రశ్న ముందు తేల్చుకుంటే మేలని నా అభిప్రాయం. నాది శిల్పం మీద ఇష్టం, అందువల్ల ఒక శిల్పిని పట్టుకుని మీ దారి చెబుతాను.

టిల్‌మన్ రీమెన్‌ష్నైడర్ 1483లో వ్యుర్ట్స్‌బుర్గ్‌కు వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. కొయ్యలోనూ రాతిలోనూ పనిచేసి, పెద్ద శిల్పశాల నడిపి, నగర సభలో సభ్యుడై, 1520లో మేయరు కూడా అయ్యాడు. 1525లో రైతులు తిరగబడినప్పుడు, వారి మీదికి సైన్యాన్ని పంపడానికి నగర సభ ఒప్పుకోలేదు. తిరుగుబాటు అణిగాక బిషప్పు ఆ సభ్యులను నది అవతల కొండ మీదున్న మరీన్‌బెర్గ్ కోటలో బంధించి హింసించాడు. వారిలో ఈయనా ఉన్నాడు. విడుదలైన తర్వాత చెప్పుకోదగ్గ పని ఏదీ చేయలేదు, 1531లో మరణించాడు. మీ ఓడ మీద నిలబడి తలెత్తితే కనిపించేది ఆ కోటే.

ఆయన పనితనం మీ దారిలో మూడు చోట్ల ఉంది. వ్యుర్ట్స్‌బుర్గ్ కెథడ్రల్‌లో రుడాల్ఫ్ ఫాన్ షేరెన్‌బెర్గ్ అనే బిషప్పు సమాధి ఫలకం చూడండి. తొంభై దాటి మరణించిన ఆ వృద్ధుడి బుగ్గల మడతలు, దిగువకు జారిన కళ్లు దాచకుండా చెక్కాడు. అధికారంలో ఉన్నవారి బొమ్మలను యవ్వనంలో ఉన్నట్టు చెక్కే కాలంలో చేసిన పని అది.

రెండవది రోటెన్‌బుర్గ్‌లో సెయింట్ యాకోబ్ చర్చిలో, పడమటి వైపు మేడ మీద ఉంటుంది. లిండెన్ అనే చెట్టు కొయ్యతో, రంగు పూయకుండా 1501 నుంచి 1505 వరకు చేసిన పవిత్ర రక్త పీఠం. క్రీస్తు చివరి విందు దృశ్యం అందులో ఉంది. చిత్రకారులు సాధారణంగా క్రీస్తును మధ్యలో పెడతారు, ఇక్కడ మధ్యలో నిలబడింది ద్రోహం చేసిన శిష్యుడు యూదా. క్రీస్తు పక్కకు జరిగి అతనికి రొట్టె ముక్క అందిస్తున్నాడు. వెనుక చిన్న గాజు కిటికీల నుంచి పగటి వెలుగు బొమ్మల మీద పడుతుంది కాబట్టి మేఘం వచ్చిపోయినప్పుడల్లా ముఖాలు మారుతాయి.

మూడవది బాంబెర్గ్ కెథడ్రల్‌లో. చక్రవర్తి రెండవ హెన్రీ, ఆయన భార్య కునిగుండే సమాధిని 1499 నుంచి 1513 వరకు పద్నాలుగేళ్లు చెక్కాడు. చుట్టూ ఉన్న ఫలకాల్లో ఒకదాని దగ్గర మన తెలుగువారు తప్పక ఆగుతారు. తన శీలం మీద నింద పడితే, అది అబద్ధమని నిరూపించడానికి కునిగుండే ఎర్రగా కాలిన నాగలి కర్రుల మీద చెప్పులు లేకుండా నడుస్తుంది. సీతమ్మ కథ విన్న చెవులకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

కనుక రోటెన్‌బుర్గ్ వెళితే దుకాణాలు వదిలేసి ఆ మేడ మీద అరగంట కూర్చోండి. వెళ్లకపోతే కెథడ్రల్, బాంబెర్గ్ రెండూ వదలకండి.

కృష్ణమ్మఒడి (ఏప్రిల్ 8)

కొండవీటిబాటసారి గారు "నకలు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వ్యుర్ట్స్‌బుర్గ్ అసలు, రోటెన్‌బుర్గ్ నకలు అన్నట్టు వచ్చింది ఆ వాక్యం. నిజానికి లెక్క తిరగబడి ఉంది.

1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు ఇరవై నిమిషాల పాటు కురిపించిన నిప్పుకు వ్యుర్ట్స్‌బుర్గ్ పాత నగరం దాదాపు మొత్తం కాలిపోయింది. చనిపోయినవారు సుమారు 5,000 మంది. ఏటా ఆ రాత్రి ఊళ్లోని చర్చి గంటలన్నీ మోగుతాయి. రెసిడెంజ్ కూడా చాలా వరకు తగలబడింది. నోయ్‌మన్ కట్టిన రాతి కమాను కప్పు మాత్రం నిలబడింది. దాని మీద ఇటలీ చిత్రకారుడు తియెపొలొ 1752, 1753 సంవత్సరాల్లో వేసిన మహా చిత్రం దానితోపాటే దక్కింది. పై కప్పు పోయి వాన నీరు దిగుతుంటే, అమెరికా సైన్యంలో కళాసంపద రక్షణ చూసే జాన్ స్కిల్టన్ అనే అధికారి కలప సంపాదించి తాత్కాలిక కప్పు వేయించారు. మిగిలిన గదులను దశాబ్దాల పాటు తిరిగి నిర్మించారు.

రోటెన్‌బుర్గ్ మీద 1945 మార్చి 31న దాడి జరిగింది. 39 మంది చనిపోయారు, మూడు వందలకు పైగా ఇళ్లు, ప్రాకారంలో ఆరు వందల మీటర్లకు మించి కూలిపోయాయి. పడమటి భాగం, సెయింట్ యాకోబ్ చర్చి, శిల్పప్రియ గారు చెప్పిన పీఠం మిగిలాయి. యుద్ధం తర్వాత గోడ తిరిగి కట్టడానికి ప్రపంచమంతటి నుంచి చందాలు వచ్చాయి. ఎవరు ఎన్ని మీటర్లకు డబ్బిచ్చారో వారి పేర్లు రాళ్ల మీద చెక్కి గోడలో పొదిగారు. ఇది ఎవరినీ మోసగించడానికి చేసిన నకలు కాదు, పోయిందని ఒప్పుకుని పేరు పేరునా తిరిగి కట్టుకున్న గోడ.

మన దగ్గర నాగార్జునసాగర్ జలాశయం నిండక ముందు నాగార్జునకొండ లోయలో తవ్వి తీసిన కట్టడాలను గుట్ట మీదికి చేర్చి మళ్లీ నిర్మించారు. శ్రీశైలం నీటిలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. ఆ గుడిని మనం నకలు అని అనము కదా?

కొండవీటిబాటసారి (ఏప్రిల్ 8)

కృష్ణమ్మఒడి గారూ, అలంపురం గుడి మాటతో నా నోరు కట్టేశారు. ఆ గుడిలో మా నాన్నగారితో దీపం పెట్టినవాడిని నేను. "నకలు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పేర్ల రాళ్ల సంగతి మా గైడ్ చెప్పలేదు. చెప్పి ఉంటే వరుసలో నిలబడే బదులు గోడ ఎక్కి ఉండేవాడిని. సమయం చాలలేదన్న నా మాట మాత్రం మారదు. గోదావరిగట్టు గారూ, ఏది ఎంచుకున్నా ఒక్క రోజులో రెండు ఊళ్లూ చూసేద్దామని మాత్రం అనుకోకండి.

మైన్‌తీరవాసి (ఏప్రిల్ 9)

ఆచరణకు పనికివచ్చే నాలుగు సంగతులు చేరుస్తాను.

ఓడ వారి బస్సు కాకుండా రైలులో కూడా రోటెన్‌బుర్గ్ వెళ్లవచ్చు. వ్యుర్ట్స్‌బుర్గ్‌లో ఎక్కి, ష్టైనాఖ్ అనే చిన్న స్టేషన్‌లో బండి మారితే గంట పది నిమిషాల ప్రాంతంలో చేరతారు. బవేరియా రాష్ట్రమంతటా ఒక రోజు చెల్లే టికెట్టు ఒకటి ఉంది, పని దినాల్లో ఉదయం తొమ్మిది తర్వాతే అది పనికివస్తుంది. స్టేషన్ నుంచి ఊరి గోడ వరకు పది నిమిషాల నడక. రైలులో అయితే సమయం మీ చేతిలో ఉంటుంది. కానీ రైలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. వారి బస్సే ఆలస్యమైతే మాత్రం ఆగుతుంది. వయసులో ఉన్నవారికి రైలు, మీ ఇద్దరికీ బస్సు మంచిదని నా సలహా.

మోకాలి సంగతి: రెండు ఊళ్లలోనూ వీధులన్నీ రాళ్లు పరిచినవే. మడమ కదలని, అడుగు మందంగా ఉన్న బూట్లు తప్పనిసరి. రోటెన్‌బుర్గ్ పురభవనం బురుజుకు 220 మెట్లు, చివరివి నిచ్చెనలా ఉంటాయి, దాని జోలికి పోవద్దు. రెసిడెంజ్‌లో పెద్ద మెట్ల వరుస ఉంది గానీ అది ఎంత నెమ్మదైన వాలులో కట్టినదంటే అమ్మగారు కష్టం లేకుండా ఎక్కగలరు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ప్రార్థన సమయంలో చర్చిల్లోకి చూడటానికి రానివ్వరు. మీ రోజు ఏ వారమో చూసుకోండి.

భద్రాద్రివాసి (ఏప్రిల్ 9)

ప్రశ్నకు కొంచెం పక్కనున్న సంగతే, అయినా నది మీద వెళ్లేవారు తెలుసుకోవాలి. నీరు ఎక్కువైనా తక్కువైనా ఈ ఓడల ప్రణాళిక తలకిందులవుతుంది. మైన్ నది మీద రైన్ సంగమం నుంచి బాంబెర్గ్ దాకా 34 లాకులు ఉన్నాయి, ఆ తర్వాత కాలువ మీద 16. ధవళేశ్వరం లాకులు చూసిన గోదావరిగట్టు గారికి పద్ధతి కొత్త కాదు, కానీ ఇక్కడ కొన్ని లాకులు ఓడను ఒకేసారి దాదాపు పాతిక మీటర్లు ఎత్తుతాయి. 1992లో పూర్తయిన ఈ కాలువ సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తు వరకు ఓడలను ఎక్కించి డాన్యూబ్ వైపు దింపుతుంది. ఇంతవరకు నీటిమట్టం మనిషి చేతిలో ఉంటుంది. డాన్యూబ్ మీద ష్ట్రౌబింగ్ దాటాక విల్స్‌హోఫెన్ వరకు ఆనకట్ట లేదు. నది తన ఇష్టం వచ్చినట్టు పారుతుంది. వేసవి చివర నీరు తగ్గితే ఓడలు అక్కడ నిలిచిపోతాయి, ప్రయాణికులను బస్సుల్లో తీసుకువెళతారు. మేలో ఆ భయం తక్కువే.

పాసౌలో దిగినప్పుడు పురభవనం గోడ మీద వరద గుర్తులు చూడండి. డాన్యూబ్, ఇన్, ఇల్స్ మూడు నదులు కలిసే ఊరది. 2013 జూన్‌లో నీరు 12.89 మీటర్లకు చేరింది. 1501 తర్వాత అంత ఎత్తు రాలేదు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు నేను పన్నెండేళ్లవాడిని. ఆ గోడ ముందు నిలబడి తల పైకెత్తి గీతలు చదువుతుంటే, మా ఊరి రాత్రి ఒకటి గుర్తుకు వచ్చి చాలాసేపు కదలలేకపోయాను.

వంటింటియాత్రిక (ఏప్రిల్ 10)

మీరు శాకాహారులైతే నా మాట వినండి. ఓడ వారికి కనీసం నెల ముందే రాసి తెలియజేయండి, గుడ్డు తింటారో లేదో విడిగా చెప్పండి. ఊళ్లలో మే నెల మీకు కలిసివస్తుంది, ఎందుకంటే తెల్ల ఆస్పరాగస్ కాలమది. జూన్ 24 దాకా ప్రతి భోజనశాలలోనూ ఉడికించి, బంగాళాదుంపలతో వడ్డిస్తారు. సూపు మాత్రం మాంసపు రసంతో చేసి ఉండవచ్చు కాబట్టి అడిగి తీసుకోవాలి. "ఓనె ఫ్లైష్" అంటే మాంసం లేకుండా అని అర్థం.

రోటెన్‌బుర్గ్‌లో ప్రతి అద్దాల బీరువాలోనూ ష్నేబాల్ అనే పిండివంట కనిపిస్తుంది. పిండిని రిబ్బన్లుగా కోసి, బంతిలా చుట్టి, నూనెలో వేయించి, పైన పంచదార పొడి చల్లుతారు. మడతకాజాకు పాకం పట్టడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందులో గుడ్డు సొన, కొన్నిచోట్ల ప్లమ్ పండ్ల సారా కూడా కలుపుతారని తెలియక మా అత్తగారు తిన్నారు. ఆ రోజంతా ఆమె పడిన బాధ నేను చూశాను. అందుకే ముందే చెబుతున్నాను.

గోదావరిగట్టు (ఏప్రిల్ 12)

ఇంత శ్రద్ధగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం నా భార్యకు చదివి వినిపించాను. కృష్ణమ్మఒడి గారు రాసిన పేర్ల గోడ, శిల్పప్రియ గారు చెప్పిన పీఠం విన్న తర్వాత ఆమె నిర్ణయం మరింత గట్టిపడింది. నాకేమో మార్చి 16 రాత్రి గురించి చదివాక వ్యుర్ట్స్‌బుర్గ్ వదలబుద్ధి కావడం లేదు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆ ఒక్క రోజు వేరు వేరుగా గడుపుదామని అనుకున్నాము. ఆమె ఓడ వారి బస్సులో వెళుతుంది, నేను ఊళ్లో ఉంటాను. సాయంత్రం పాత వంతెన మీద కలుసుకుంటాము.

గోదావరిగట్టు (మే 27)

తిరిగి ఇంటికి చేరాము. మాట ఇచ్చినట్టు వివరంగా రాస్తున్నాను. ముందు నా సగం, తర్వాత ఆమె సగం.

ఉదయం ఆమె బస్సు ఎక్కాక నేను తిన్నగా పురభవనంలోని గ్రాఫెనెకార్ట్ బురుజు కింద ఉన్న స్మారక గదికి వెళ్లాను. 1945లో కాలిపోయిన నగరపు నమూనా అక్కడ ఉంది. కప్పులు లేని గోడలు, గోడలు లేని వీధులు, వాటి మధ్య నది. పక్కన ఒక స్కూలు పిల్లల గుంపు ఉంది; టీచర్ వేలితో ఒక్కో వీధినీ చూపిస్తుంటే పిల్లలు తమ ఇళ్లు ఎక్కడో వెతుక్కుంటున్నారు. అది చూశాక బయట ప్రతి గోడనూ తాకి చూడాలనిపించింది.

అక్కడి నుంచి కెథడ్రల్. అది కూడా కాలిపోయి, మరుసటి సంవత్సరం దాని నడిమి భాగం కూలిపోయి, మళ్లీ కట్టినది. షేరెన్‌బెర్గ్ బిషప్పు సమాధి ఫలకం ముందు శిల్పప్రియ గారి మాటలు గుర్తుచేసుకుంటూ నిలబడ్డాను. నేను ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను, ఎంతోమంది ముసలివారి ముఖాలు చూశాను. రాతిలో అంత అలసటను చూడటం ఇదే మొదలు.

రెసిడెంజ్‌లో మెట్లు ఎక్కుతుంటే తియెపొలొ చిత్రం ఒక్కసారిగా కనబడదు. ఒక్కో మెట్టుకూ కొంత కొంత తెరుచుకుంటుంది. ముందు అమెరికా ఖండం మొసలి మీద కూర్చున్న స్త్రీగా వస్తుంది. మలుపు తిరిగాక ఒక పక్క ఆసియా ఏనుగు మీద, మరొక పక్క ఆఫ్రికా ఒంటె మీద, ఎదురుగా యూరప్. నాలుగు ఖండాలూ పాలకుడి కీర్తిని పాడుతున్నట్టు వేసిన చిత్రమది. ఆ ఏనుగును వేసిన మనిషి మన వైపు ఎన్నడూ రాలేదు. మన దేశాలను వారు అప్పట్లో ఎలా ఊహించుకున్నారో ఆ కప్పు చెబుతుంది. మెచ్చుకుంటూనే, ఆ ఊహ మీద కొంత అభ్యంతరంతోనూ చూశాను. మెట్లు మైన్‌తీరవాసి గారు చెప్పినట్టే నెమ్మదిగా ఉన్నాయి. ఆమె తప్పకుండా ఎక్కి ఉండేది.

ఎక్స్‌రేను ర్యోంట్‌గెన్ 1895 నవంబరు 8న కనుగొన్నది ఈ ఊళ్లోనే. ఆయన ప్రయోగశాల రైల్వే స్టేషన్‌కు దగ్గర. రేపు మోకాలికి ఎక్స్‌రే తీయించుకునే ప్రతి మనిషీ ఋణపడిన గది అది. నేను వెళ్లేసరికి నాలుగు దాటింది, పది నిమిషాలే ఉన్నాను.

ఇక ఆమె చెబుతుండగా నేను రాస్తున్నది:

"అన్నలకూ చెల్లెళ్లకూ నమస్కారం. మా బస్సులో ముప్పై మంది ఉన్నాము. గైడమ్మ సంతలో నిలబెట్టి, గడియారం పక్క కిటికీల్లో బొమ్మలు కదలడం చూపించింది. 1631లో టిల్లీ అనే సేనాపతి ఊరిని పట్టుకున్నప్పుడు, మూడుంపావు లీటర్ల ద్రాక్షసారా ఒకే గుక్కలో తాగితే ఊరిని వదిలేస్తానన్నాడనీ, పాత మేయరు తాగి ఊరిని కాపాడాడనీ కథ. అది కథేనని ఆమే చెప్పింది. తర్వాత అందరూ దుకాణాల వైపు వెళ్లారు. నేను చర్చికి వెళ్లాను.

మేడ మీదికి మెట్లు ఉన్నాయి, పట్టుకుని ఎక్కాను. పైన ఎక్కువ మంది లేరు. మధ్యలో యూదా డబ్బు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తప్పు చేసినవాడిని మధ్యలో ఎందుకు పెట్టాడా అని చాలాసేపు ఆలోచించాను. మిగతావాళ్లందరి కళ్లూ ఎటో ఉన్నాయి, క్రీస్తు కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి. బయట ఎండ వచ్చినప్పుడు వెనక అద్దాలు వెలిగాయి. నలభై నిమిషాలు కూర్చున్నానని తర్వాత గడియారం చూస్తే తెలిసింది.

ఆ రోజు నేను ఎక్కిన రెండవ మెట్లు గోడవి. మా బస్సులోని ఒక డచ్చి అమ్మాయి చెయ్యి పట్టుకుంది. లోపలి వైపు వరసగా పేర్ల రాళ్లు. ఊరి పేరు, మనిషి పేరు, ఇన్ని మీటర్లు అని. జపాను పేర్లు చాలా ఉన్నాయి. వాళ్ల ఊళ్లూ అదే యుద్ధంలో కాలిపోయాయి కదా. దారి సన్నగా ఉంది, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకళ్లం గోడకు ఆనుకోవాల్సిందే. మోకాలు ఆ రాత్రి వాచింది. అయినా పశ్చాత్తాపం లేదు. పిండివంట తినలేదు."

సాయంత్రం ఆరున్నరకు ఆమె బస్సు వచ్చింది. పాత వంతెన మీద పన్నెండు రాతి విగ్రహాల మధ్య ఊరివాళ్లు ద్రాక్షసారా గ్లాసులతో నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. మేము నిమ్మరసం తెచ్చుకుని ఒక విగ్రహం కింద కూర్చున్నాము. ఎదురుగా కొండ మీద కోట. ఆ శిల్పిని బంధించిన చోటు అదేనని ఆమెకు చూపించాను. "ఆ చేతులేనా?" అని మాత్రం అడిగింది.

రెండు రోజుల తర్వాత బాంబెర్గ్‌లో ఇద్దరమూ కలిసి కునిగుండే ఫలకం దగ్గర నిలబడ్డాము. నది మధ్యలో కట్టిన పాత పురభవనం, ఒడ్డున జాలరుల ఇళ్లు, ఏడు గుట్టలు అన్నీ చూశాము గానీ, నా మనసులో ఉన్నది ఆ కాలిన కర్రుల మీద వేసిన పాదమే. న్యూరెంబర్గ్‌లో వాన పడింది. యుద్ధ నేరాల విచారణ జరిగిన 600వ నంబరు గది చూసి త్వరగా ఓడకు తిరిగి వచ్చాము. రేగెన్స్‌బుర్గ్ రాతి వంతెన గురించి వేరే చర్చ మొదలుపెడతాను. 1146లో పూర్తయి ఇప్పటికీ మనిషిని మోస్తున్న వంతెన గురించి రెండు వాక్యాల్లో రాస్తే తృప్తి కలగదు.

శిల్పప్రియ (మే 28)

అమ్మగారి మాటలు రెండుసార్లు చదివాను. "క్రీస్తు కళ్లు మాత్రం అతని మీదే" అన్న పరిశీలన నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒక్కటి అడుగుతాను. ఆ యూదా బొమ్మను విడిగా తీయడానికి వీలుగా చేశారు. తీసినప్పుడు వెనుక క్రీస్తు ఒడిలో తల వాల్చిన శిష్యుడు యోహాను పూర్తిగా కనిపిస్తాడు. మీరు వెళ్లిన రోజు బొమ్మ ఉందన్నమాట. యోహాను మీకు కనిపించాడా?

గోదావరిగట్టు (మే 28)

ఆమెను అడిగాను. కూర్చున్న చోటు నుంచి కనిపించలేదట. వెళ్లిపోతూ ఎడమ పక్క గోడ వరకు నడిచి వెనక్కి తిరిగి చూస్తే, యూదా భుజం అవతల కొంచెం జుట్టు, నిద్రపోతున్న పిల్లవాడిలా వాలిన చెంప కనిపించాయని చెప్పింది.